ఇత్తడి బిళ్ళ, నాలుగో స్క్రూ

ఆ రోజుల్లో నా మెడ ఇప్పటికన్నా నిటారుగా ఉండేది. చదివింది ఫిజిక్సు, ఉంటున్నది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరు, నడిచే నడక మాత్రం శ్రీకాకుళం దగ్గర ఎప్పుడో వేలానికి పోయిన మా తాతగారి దివాణంలోది. పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాన్నగారు "రైల్వేలో చేరరా, పాసులైనా వస్తాయి" అంటే, మన వంశంలో బంట్రోతులను పెట్టుకున్నారే గాని ఆ పని చేయలేదని చెప్పి, ఊరి శివారు కోనీలో ఉన్న విశ్వవిద్యాలయంలో తాత్కాలిక ఉద్యోగం సంపాదించాను. (అక్కడ నా మొదటి పని ప్రయోగశాల ఊడవడం. ఇంట్లో చెప్పలేదు.)

ఆకాశం నుంచి ఎడతెగకుండా కురిసే, కంటికి కనబడని కణాలను లెక్కపెట్టే యంత్రాన్ని మా ప్రొఫెసరుగారు బిగిస్తున్నారు. ప్లాస్టిక్ దిమ్మలోంచి కణం దూసుకుపోతే రవ్వంత వెలుగు పుడుతుంది. పక్కనున్న గాజు గొట్టం దాన్ని పసిగట్టి మీటరుకు చెబుతుంది. బయటి వెలుగు పొరపాటున కూడా లోపలికి రాకూడదు. ఎక్కువైతే గొట్టమే పాడైపోతుంది. అందుకని దిమ్మకు నల్ల కాగితం చుట్టి, ప్లైవుడ్ పెట్టెలో పెట్టి, అతుకులన్నిటికీ నల్ల టేపు వేశాం. వేసింది నేనూ, రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో రిటైరై మా ప్రయోగశాలలో చేరిన షెడ్డు మావయ్యా. ఆయన తాతలు మా దివాణం రైతులు. నన్ను 'బాబూ' అంటే నాకు న్యాయంగా రావలసిన మర్యాదే అనుకునేవాణ్ణి. (తరువాత గమనిస్తే క్యాంటీన్ కుక్కను కూడా అలాగే పిలిచేవాడు.)

సోమవారం బొంబాయి నుంచి ఒక పెద్దాయన పరీక్షకు వస్తున్నారు. మీటరులో లెక్క నిలకడగా ఉంటే యంత్రమూ, నా ఉద్యోగమూ కోనీలోనే. లేకపోతే యంత్రం మరో ఊరికి, నేను పార్సిల్ ఆఫీసుకి. శనివారం సాయంత్రానికి లెక్క నాడిలా నిలకడగా కొట్టుకుంది. అందరూ వెళ్ళాక నాకు మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది: "పేరు లేని చెంబు ఊరందరి చెంబు." మా ఇంట్లో గరిటెకు కూడా పేరు చెక్కించేవారు. నా చేతుల మీదుగా తయారైన మొదటి వస్తువు పేరు లేకుండా ఉండడమా? దివాణంలో మాకు మిగిలిన ఒకే ఒక ఆస్తి, మా ఇంటిపేరు చెక్కిన, తాతగారి గుర్రపు బండి మీది ఇత్తడి బిళ్ళ, ఎప్పటిలాగే నా సంచీలోనే ఉంది. పెట్టెకు నాలుగు కన్నాలు పెట్టి బిగించాను. స్క్రూలు మూడే దొరికాయి. నాలుగోది రేపు చూద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున్న తూర్పు కిటికీలోంచి ఎండ పడేసరికి మీటరుకు పూనకం వచ్చింది. ప్రొఫెసరుగారు నా వైపు చూశారు.

"నా పనిలో లోపం ఉండదండీ. సూర్యుడిలోనే ఏదో జరుగుతోంది," అన్నాను, గంభీరంగా.

ఆయన పాపం సగం నమ్మి, బొంబాయికి ఫోన్ చేయడానికి ఆఫీసు గదికి బయల్దేరారు. షెడ్డు మావయ్య మాత్రం పెట్టె చుట్టూ ఓసారి తిరిగి, బిళ్ళ దగ్గర ఆగాడు.

"ఏటి బాబూ ఇది?"

"మా తాతగారి బండి బిళ్ళ."

"బండికైతే బాగుంటాది." ఖాళీగా ఉన్న నాలుగో కన్నం మీద బొటనవేలు ఆనించాడు. మీటరు నెమ్మదించింది. వేలు తీశాడు, మళ్ళీ పూనకం. "నలబై ఏళ్ళు షెడ్డులో సేసాను. బాయిలరుకి కన్నమెట్టి పేరు తగిలించినోణ్ణి ఎవుల్నీ సూడనేదు."

గొట్టం పాడై ఉంటే నా జీవితకాలపు జీతం కూడా చాలదు. వరండాలో పరుగెత్తి (మా వంశంలో పరుగెత్తిన మొదటివాణ్ణి నేనే) ఫోను చేతిలోకి తీసుకున్న ప్రొఫెసరుగారిని ఆపి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫోను నెమ్మదిగా పెట్టేశారు.

"అచ్ఛా. అంటే సూర్యుడికి ఏమీ కాలేదు కదా," అన్నారు.

బిళ్ళ ఊడదీసి, నాలుగు కన్నాల మీదా నల్ల టేపు ముక్కలు అంటించి, ముగ్గురం ఊపిరి బిగబట్టి మీటరు ముందు కూర్చున్నాం. గంట గడిచింది. గొట్టం బతికే ఉంది. లెక్క పాత దారిలోకొచ్చి అక్కడే నిలబడింది. అంత రుచిగా ఊపిరి పీల్చుకున్నది అంతకుముందూ లేదు, ఆ తరువాతా లేదు.

సోమవారం వచ్చిన పెద్దాయన లెక్కలన్నీ చూసి తృప్తిపడి, చివరికి ఆ నాలుగు నల్ల మచ్చలేమిటని అడిగారు. నేను మెడ వంచాను. షెడ్డు మావయ్య తడుముకోకుండా "నజర్ కా టీకా, సాబ్" అన్నాడు. పెద్దాయన నవ్వి, దిష్టిచుక్క పెట్టిన యంత్రాన్ని మొదటిసారి చూస్తున్నానంటూ సంతకం పెట్టేశారు.

ఆ బిళ్ళ ఇప్పుడు మా ఇంటి గోడకుంది, మూడు స్క్రూలతోనే. నాలుగోది ఎందుకు పెట్టలేదని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ కన్నం మీద బొటనవేలు ఆనించి, కాసేపు అలా నిలబడతాను. ఆ నిటారు మెడవాడి గుండెదడ ఇంకా అక్కడే కొట్టుకుంటున్నట్టుంటుంది. వేలు కింద మెల్లగా నెమ్మదిస్తుంది.