కుళాయి మూతికి పట్టిన సున్నం

ఇవాళ పొద్దున్న మెకానిక్కు వచ్చి గీజరు విప్పి, లోపలి రాడ్డు బయటికి లాగాడు. తెల్లటి పెంకు కట్టి చిలగడదుంపంత లావున ఉంది. “ఆంటీ, ఆప్‌కా పానీ బహుత్ ఖారా హై” అన్నాడు, మీవి ఉత్త ఉప్పు నీళ్ళని, ఆ నీళ్ళు నేనే కాచి తయారుచేసినట్టు. గోవింద్‌పూర్‌లో ఇన్నేళ్ళుగా ఈ నీళ్ళతో కాపురం చేస్తున్నదాన్ని, నాకే చెబుతున్నాడు. రాడ్డు గచ్చుకేసి కొడితే పెచ్చులు రాలాయి. ఒకటి తీసి చేతిలో పట్టుకుంటే మా అత్తగారు గుర్తొచ్చారు.

ఈ ఇంటికి రాకముందు మేం బారిడీహ్‌లో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషి గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగాల్సిందే. కానీ కుళాయి తిప్పితే తియ్యటి నది నీళ్ళు వచ్చేవి. సబ్బు ముట్టుకుంటే నురుగు, కందిపప్పు పొయ్యెక్కిస్తే వెన్న. అదంతా నా చేతి చలవే అనుకునేదాన్ని. మా ఆయన రిటైరయ్యాక క్వార్టరు వదలాలి కదా, ఉన్నదంతా పెట్టి గోవింద్‌పూర్‌లో ఇల్లు కట్టాం. బోరులో నీళ్ళు పడ్డ రోజున కొబ్బరికాయ కొట్టి వీధంతా మిఠాయి పంచాం. ఆ నీళ్ళు ఒక్క గుక్క నోట్లో పోసుకుని చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి గానీ పప్పు ఉడకలేదు. కుక్కరు ఎన్ని కూతలు కూసినా పలుకు పలుకుగానే ఉంది. తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. టీ మీద తెట్టు, గ్లాసుల మీద మచ్చలు, దువ్వెన నిండా నా జుట్టు. మా ఆయన తెల్ల చొక్కాలు అట్టల్లా తయారయ్యాయి. ఫిల్టరు కొంటే అదీ కొన్నాళ్ళకే మూసుకుపోయింది. వయసులో కోపమొస్తే పుట్టింటికి పోతానని బెదిరించేదాన్ని. నీళ్ళ మీద కోపమొస్తే ఎక్కడికి పోను? డబ్బంతా గోడల్లో ఉంది, ఆ గోడల మధ్య నేనున్నాను. స్నానాల గదిలో తలుపు వేసుకుని ఏడ్చేదాన్ని. ఎవరికీ తెలియదనుకునేదాన్ని.

అలాంటప్పుడు టెల్కో కాలనీ నుంచి మనవాళ్ళే ఒకరు, మా శ్రీకాకుళం వైపువాళ్ళే, ఇల్లు కొంటామని కబురు పెట్టారు. ఆయనా రిటైరు కాబోతున్నాడట. ఆదివారం చూడ్డానికొస్తామన్నారు. ఈ ఇల్లు అమ్ముడైతే మళ్ళీ బారిడీహ్ వైపే మంచినీళ్ళొచ్చే చిన్న ఫ్లాటు కొనుక్కోవచ్చు. నేను మనసులో సామాను సర్దేశాను. శనివారం మా ఆయన యాసిడ్ సీసా తెచ్చి, లుంగీ ఎగ్గట్టి కుళాయిల మీద పడ్డారు.

“ఎందుకురా దాన్ని గోకుతన్నావు, ఉండనీ” అన్నారు అత్తగారు.

“ఆల్లు సూత్తే ఏటనుకుంటారమ్మా” అన్నారాయన, ఊపిరి బిగబట్టి రుద్దుతూ.

సాయంత్రానికి కుళాయిలన్నీ కొత్త పెళ్ళికొడుకుల్లా మెరిశాయి. తెల్లారేసరికి అన్నీ కారుతున్నాయి. అరిగిపోయిన వాషర్ల సందులన్నీ ఇన్నాళ్ళూ పూడ్చి ఉంచింది ఆ సున్నమే. దాన్ని మేమే శుభ్రంగా కడిగేశాం. ఆదివారం కదా, ప్లంబరు ఫోనెత్తలేదు. బకెట్లు, చెంబులు, చివరికి అప్పాల మూకుడు కూడా కుళాయిల కింద పెట్టి, ఆ టపటపల మధ్యే వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాం.

వచ్చినాయన భార్య గదులు చూడనేలేదు. చప్పుడు విని నేరుగా వంటింట్లోకి వచ్చి, కారే నీళ్ళ కింద వేళ్ళు పెట్టి రుద్దుకుంది. మా వాళ్ళు ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. అదే మా అత్తగారిని అడిగింది. “అమ్మా, మీ నీల్లకి పప్పు ఉడుకుద్దేటి?”

నేను అత్తగారి వైపు చూశాను. ఉడుకుద్దని ఒక్క మాటంటే చాలు, బయటపడతాను.

“ఉడకదమ్మా. సోడా ఏత్తాం” అన్నారావిడ.

వాళ్ళు మర్యాదగా టీ తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ ఫోను రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు పూటలూ ఆవిడకి కంచం పెట్టానే గానీ పలకరించలేదు. ఆ రాత్రి అన్నాలయ్యాక ఆవిడే వచ్చి నా పక్కన కూర్చున్నారు. “నువ్వు తలుపేసుకుని ఏడుత్తన్నావని నాకు తెల్దేటే? ఆ ఏడుపు తీసుకెల్లి ఇంకో ఆడకూతురికి ఎలా అంటగట్టమంటావు?” అన్నారు. నా కోపం పోలేదు. కానీ నా ఏడుపు ఒకరు విన్నారని తెలిసి, ఆవిడ భుజం మీద తల పెట్టి ఈసారి తలుపు వేసుకోకుండానే ఏడ్చాను.

వాషర్లు మారుద్దాం మారుద్దామనుకుంటూనే నెలలు గడిపాం. ఈలోగా సున్నం మళ్ళీ పట్టి, కారడం దానంతటదే ఆగింది. ఇల్లు కొంటామని ఇంకెవరూ రాలేదు, మేమూ ఎక్కడికీ పోలేదు. అత్తగారే వెళ్ళిపోయారు. ఆవిడ నీళ్ళ చెంబు లోపల తెల్లటి చార ఉంది. అన్నీ తోముతాను గానీ దాన్ని తోమను. కాలం గడిచిపోతుందంటారు. మా ఇంట్లో మాత్రం అది ఎక్కడికీ పోలేదు, కుళాయి మూతికి తెల్లగా పట్టుకుని, ఇల్లు కారిపోకుండా కాస్తోంది.