ఎల్లేశం నోటి దాకా వచ్చిన మాట

దీపాల గదిలో పనిచేసే గిడియోన్‌ను గోదావరిఖనిలో ఉత్త పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. నత్తి గిడియోన్ అంటేనే తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన రోజు ఏ పని కావాలని అడిగితే, ఫిట్టర్ అనే మాట నోట్లోనే బిగుసుకుపోయి "ఏదైనా సరే సార్" అనేశాడు. అంతే, గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే కిటికీ వెనకే బతుకు తెల్లారిపోయింది.

ఆ కడుపుమంటతోనే ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో నత్తి ఉన్నవాళ్లను కూర్చోబెట్టేవాడు. గోదావరి అవతలి నస్పూర్ నుంచి కూడా వచ్చేవారు. అక్కడ ఒకటే కట్టుబాటు. ఎదుటివాడి మాటను జాలితోనైనా సరే, ఎవరూ అందుకొని పూర్తిచేయకూడదు. అయినవాళ్లు చేసే ఆ మేలు చూస్తే గిడియోన్‌కు ఒళ్లు మండేది.

అలా వచ్చినవాడే ఎల్లేశం. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం నడిపేవాడు. ఒక షిఫ్టులో టబ్బు మీదికొచ్చి ఒక కార్మికుడి కాలు నుజ్జయింది. ఆపమని గంట కొట్టినా ఎల్లేశం ఆపలేదని విచారణ పెట్టారు. నిజానికి గంట మోగనేలేదు. అది చెడిపోయిందని ముందే చెప్పబోయాడు కూడా, వినే ఓపిక ఎవరికుంది? విచారణలో "గ... గ... గంట" అని అతను పెనుగులాడుతుంటే, పక్కనున్న యూనియన్ నాయకుడు రఘుపతి ఆగలేకపోయాడు.

"గంట ఇన్నడు సార్. గాబరాల ఆపలేకపోయిండు. పిల్లలున్నోడు, మాఫ్ చెయ్యున్రి."

తప్పు ఒప్పుకొని కాళ్లావేళ్లా పడితే శిక్ష తగ్గుతుందని ఇక్కడి నాయకుల లెక్క. రఘుపతిది చెడ్డ మనసేం కాదు. ఆ మంచి మనసే ఎల్లేశం మెడకు చుట్టుకుంది.

గిడియోన్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఎల్లేశాన్ని మళ్లీ విచారణకు పిలిపించాడు. రాసిస్తామంటే కుదరదన్నారు, నోటితో చెప్పిందే చెల్లుతుందట. ఈసారి తోడుగా తానే పక్కన కూర్చున్నాడు.

"సార్, ఎల్లేశం చెప్పేదాంక మ... మనం ఆగాలె."

అధికారి తలూపాడు. ఎల్లేశం మొదలుపెట్టాడు. మెడనరాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి. గుమాస్తా నవ్వు ఆపుకోవడానికి తల వంచుకున్నాడు. కాసేపటికి అధికారి గడియారం చూసి, మర్యాదగానే అడిగాడు.

"మొదట చెప్పిందే కదా? గంట విన్నావు, ఆపలేకపోయావు. అవునా?"

గిడియోన్ ఆగండి సార్ అనబోయాడు. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు.

"అవును సార్," అన్నాడు ఎల్లేశం. ఎక్కడా తడబడలేదు.

ఉద్యోగం పోతుందని ఇద్దరికీ అప్పుడే తెలుసు. నెల తిరక్కుండానే పోయింది కూడా.

విచారణ అయిన రోజే గేటు బయట, షేర్ ఆటోల దగ్గర, గిడియోన్ అతని చొక్కా పట్టుకున్నాడు.

"గ... గట్లెందుకన్నవ్ తమ్మీ?"

ఎల్లేశం చాలాసేపు పెదవులు కదిపాడు. గిడియోన్ అందుకోలేదు.

"గా... గా ఒక్క మాటే నాకు అ... అల్కగ, ఆగకుంట వస్తదన్నా."

గిడియోన్ అతని చొక్కా వదిలేసి, జనమంతా చూస్తుండగానే బోరున ఏడ్చాడు.