లాలాగూడ లారీ ఆఫీసులో ప్రింటర్ పోర్టు

కంప్యూటర్ బాగుచేయడానికి నేను వెళ్ళేసరికి సేఠ్ ప్రింటర్‌ను చెప్పుతో కొడుతున్నాడు. లాలాగూడలో ఆయనది లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. సరుకుతో వెళ్ళే రసీదు, బిల్టీ, అచ్చయితే గాని లారీ కదలదు. పొద్దుటి నుంచి ఆగిపోయిన డ్రైవర్లంతా లోపలే ఉన్నారు. ఒకడు నా భుజం నెట్టి, "ఆడామెతోటి ఏమైతది?" అన్నాడు.

కంప్యూటర్ ముందు సేఠ్ తమ్ముడు కూర్చున్నాడు. అతని పెదవి అప్పటికే చిట్లి ఉంది.

"జెర చూడక్కా. ప్రింటర్ మంచిగనే ఉంది. కంప్యూటరే గుర్తుపడ్తలేదు."

అది యునిక్స్ లాంటి సిస్టమ్, తొలి రోజులది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. ఆన్ చేయగానే తనకు దొరికిన భాగాలన్నీ వరుసగా చెప్పుకుపోతుంది. ప్రింటర్ కేబుల్ తగిలించే పోర్టు మాత్రం దొరకలేదంది. కేబుల్ మార్చాను. మళ్ళీ అదే మాట.

"ఇంకెంతసేపు?" సేఠ్ బల్ల గుద్దాడు. టీ గ్లాసు కిందపడి పగిలింది.

కంప్యూటర్ డబ్బా విప్పాను. పోర్టు ఉన్న కార్డు కొత్తది. పాతది కాలిపోతే తనే తెచ్చి బిగించానని తమ్ముడు నాతో మెల్లగా అన్నాడు. దాని మీద జంపర్ అనే గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది ఏ పిన్నుల మీద కూర్చుంటే పోర్టుకు ఆ అడ్రసు. సిస్టమ్ వెతుకుతున్న అడ్రసు ఒకటి, జంపర్ పెట్టింది మరొకటి.

"కార్డు బాగానే ఉంది. ఈ ముక్క పక్కకు జరపాలి, అంతే," అన్నాను.

"గిది పెట్టిందెవడు?" అన్నాడు సేఠ్.

నేను జంపర్ మీదికి వంగాను.

"నేనే, భాయ్," అన్నాడు తమ్ముడు.

సేఠ్ డబ్బా ఇనుప మూత ఎత్తి అతని తల మీద కొట్టాడు. అంచు తగిలి చెవి చీలింది. కీబోర్డంతా రక్తం. మళ్ళీ ఎత్తబోతే నేను మూత పట్టుకుని లాగాను, నా అరచెయ్యి తెగింది. అంతలో, ఇందాక నన్ను నెట్టిన డ్రైవరే సేఠ్‌ను మెడ పట్టి గోడకేసి కొట్టాడు. మిగతావాళ్ళూ మీద పడ్డారు. పన్ను విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"ఆపుండ్రి! మా భాయ్ సచ్చిపోతడు!" అని తమ్ముడు అరిచాడు. ఎవరూ ఆగలేదు. అతను వాళ్ళ కాళ్ళ మధ్యలోంచి దూరి అన్న మీద బోర్లా పడుకున్నాడు. ఆ వీపు మీదా తన్నులు పడ్డాక గాని వాళ్ళు వెనక్కి తగ్గలేదు.

చేతికి రుమాలు చుట్టుకుని, జంపర్ జరిపి కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేశాను. ఈసారి పోర్టు దొరికింది. తమ్ముడు లేచి వేళ్ళు చొక్కాకు తుడుచుకుని ప్రింటు కొట్టాడు. డ్రైవర్లు తలలు దించుకుని బిల్టీలు తీసుకుని వెళ్ళిపోయారు.

"దవాఖానకు పోదాం పా," అన్నాడు సేఠ్, నేల మీద నుంచే.

"నువ్ పో భాయ్. నేను అక్కతోటి పోత."

నా స్కూటర్ వెనక అతను చెవికి గుడ్డ అదుముకుని కూర్చున్నాడు. అతని చెవికి, నా అరచేతికి కుట్లు పడ్డాయి. అతను మళ్ళీ ఆ ఆఫీసుకు పోలేదు. తర్వాత కాప్రాలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు పెట్టుకున్నాడు. అన్న ఒకసారి వచ్చి, లోపలికి రాకుండా బయటే కాసేపు నిలబడి వెళ్ళిపోయాడని అతను నాకు చెప్పాడు. "పిలవలేదా?" అని అడిగాను.

"నోరు రాలేదక్కా," అన్నాడు.