బస్సులో విప్పిన కట్టు

బస్సు చిలకలూరిపేట దాటగానే, పక్క సీటులో ఉన్న బురఖా ఆమె సంచిలోంచి బట్టలు కత్తిరించే కత్తెర తీసి, మా మనవరాలి కాలికున్న వెదురుబద్దల కట్టు తాళ్లను తెగ్గోసింది. నేను అడ్డుపడబోయాను.

"మీరు ఊరుకోండి బాబాయ్ గారూ," అంది.

అంతకుముందు ఆమె పాప కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు తిరిగి ఎర్రబడలేదు. కట్టు బిగిసి కాలికి నెత్తురు ఆడట్లేదంది.

ముందురోజు పాప పత్తి నింపిన బోరేల మీంచి దూకి, చీలమండ దగ్గర దెబ్బ తగిలించుకుంది. నాటు కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి నేనే తీసుకెళ్లాను. గట్టిగా కడితేనే ఎముక అతుక్కుంటుందని, ఇంకాస్త బిగించమన్నదీ నేనే.

"ఆయన హస్తవాసి మంచిదమ్మా," అని నసిగాను.

"అయితే కాలు కూడా ఆయనే పెంచుతాడా? పిల్లల ఎముక చివర మెత్తటి మృదులాస్థి ఉంటుందంట. ఎముక పొడుగు సాగేది అక్కడేనంట. అక్కడ దెబ్బ తగిలితే మేమూ ఇట్టాగే కట్టించి కూర్చున్నాం. మా అమ్మాయికి ఒక కాలు పొట్టిదైపోయింది. గుంటూరులో దిగగానే ఎముకల డాక్టరుకి చూపించండి."

బద్దలు మాత్రం ఉంచి, తన చున్నీతో వదులుగా చుట్టింది. పాప వేళ్లకు మెల్లగా రంగు తిరిగింది. ఆమె పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

ఇది జరిగి ఏడాదిన్నర. మొన్న గుంటూరు ఎముకల డాక్టరు కొలిస్తే ఆ కాలు అర సెంటీమీటరు తక్కువ వచ్చింది. అది కొలతలో తేడానో, ఎదుగుదల ఆగిపోవడమో ఇంకో ఆర్నెల్లు గడిస్తేగాని చెప్పలేమన్నారు.