లిఫ్ట్ ఉందాంటీ!

ఆ రోజుల్లో కెనడాలోని విండ్సర్‌లో సీటు దొరకడం తేలిక, రూమ్ దొరకడమే కష్టం. విమానం దిగిన ప్రతి స్టూడెంటూ యూనివర్సిటీ ఎక్కడని కాక, అద్దెకిచ్చే బేస్‌మెంట్ ఎక్కడని అడిగేవాడు. మేం ఏడుగురం రెండు గదుల ఇంట్లో సర్దుకున్నాం. నా వాటాకి హాల్లో ఒక పరుపూ, దాని పక్కనే అందరి స్నో బూట్లూ వచ్చాయి. బయటి నుంచి వచ్చినవాడల్లా మంచు దులిపేది నా దిండు మీదే. ఇప్పుడు నేను చెప్పబోయే అబద్ధాన్ని తూకం వేసేటప్పుడు ఆ తడి దిండును కూడా తక్కెడలో పెట్టమని పాఠకులకు మనవి.

యూనివర్సిటీకి నాలుగు బస్‌స్టాపుల దూరంలో ఒక రిటైరైన డాక్టర్ గారూ, ఆయన భార్యా ఉండేవారు. కెనడా వచ్చి నలభై ఏళ్ళు దాటినా వాళ్ళ తెనాలి మాట చెక్కుచెదరలేదు. వాళ్ళ బేస్‌మెంట్ ఖాళీ అయిందని తెలిసి పరుగెత్తాను. అప్పటికే ముగ్గురు వచ్చి వెళ్ళారట. ఆంటీ కాఫీ ఇచ్చారు. ఏం మాట్లాడాలో తోచక గోడ మీది క్యాలెండర్ చూశాను. ఎడారిలో కొండ, కొండ మీద ఏనుగులా కూర్చున్న కోట. "ఇది జోధ్‌పూర్ కోట కదంకుల్? ఇంజినీరింగ్‌ల ఇండస్ట్రియల్ టూర్‌కు పోయినం" అన్నాను. అంతే, డాక్టర్ గారు కుర్చీలోంచి లేచారు. "ఏమేవ్! ఇలా రా! ఈ అబ్బాయి చూసొచ్చాట్టే!"

ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలో ఆ కోట బొమ్మ చూసిన దగ్గర్నుంచీ దాని మీద నిలబడాలని ఆంటీ కోరిక. ఇండియా వెళ్ళినప్పుడల్లా ఒకరి పెళ్ళీ, ఇంకొకరి గృహప్రవేశం, చివరి రెండు రోజులూ పచ్చళ్ళ ప్యాకింగ్. ఇలా నలభై ఏళ్ళు గడిచాయి. ఈ డిసెంబరులో మాత్రం చుట్టాల గుమ్మం తొక్కకుండా నేరుగా రాజస్థాన్ వెళ్ళాలని అంకుల్ పట్టుదల. ఆంటీ తన మోకాలి మీద చెయ్యి వేసుకుని నన్ను అడిగారు. "మెట్లెన్ని ఉంటాయి నాన్నా? ఎక్కువైతే నేను రాను. కింద కూర్చుని చూడ్డానికి అంతదూరం ఎందుకు?"

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. (ఇండస్ట్రియల్ టూర్ అంటే ఫ్యాక్టరీ గేటు ముందు ఒక గ్రూప్ ఫోటో, మిగిలిన తొమ్మిది రోజులూ షికారు అని ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.) జోధ్‌పూర్ నేను వెళ్ళిన మాట నిజం. కానీ ముందురోజు భోజనం దగ్గర పందెం కట్టి, బాటీలని నిప్పుల మీద కాల్చి నెయ్యిలో ముంచిన గోధుమ ఉండలు పద్నాలుగు తిన్నాను. క్లాసంతా కోట ఎక్కుతుంటే నేను బస్సులో కడుపు పట్టుకుని, క్లీనర్ ఇచ్చిన మజ్జిగ తాగుతూ పడుకున్నాను. నేను చూసిన కోట, కిటికీ అద్దంలో కనిపించిన మూడడుగుల గోడ. మిత్రులు అప్పటి నుంచీ నన్ను బాటీగాడు అంటారు. ఇవన్నీ ఆంటీకి చెప్పొచ్చు. కానీ ఆవిడ మొహం అప్పుడే చిన్నబోతోంది, నాకు నా దిండు గుర్తొస్తోంది. నోరు దానంతటదే తెరుచుకుంది. "లిఫ్ట్ ఉందాంటీ!"

శనివారానికల్లా సామాను సర్దుకుని బేస్‌మెంట్‌లో దిగిపోయాను.

మనవాళ్ళకొక అలవాటుంది. వెబ్‌సైట్‌లో వంద వాక్యాలు రాసున్నా నమ్మరు, తెలిసినవాడు ఒక్క మాటంటే టికెట్లు బుక్ చేసేస్తారు. అంకుల్ సరిగ్గా అదే చేశారు. ఆదివారం ఆదివారం పెసరట్లయ్యాక డైనింగ్ టేబుల్ మీద మ్యాప్ పరిచేవారు. "మనవాడు స్వయంగా చూసొచ్చాక ఇంకా వెతకడమెందుకే" అనేవారు. నేనూ రెచ్చిపోయి ఏ కోటలో ఏ గాలి ఎటు వీస్తుందో కూడా చెప్పేవాణ్ణి. చివరికొక ఆదివారం, "డిసెంబరులో మీ అక్క పెళ్ళికి హైదరాబాద్ వెళ్తున్నావుగా, అటు నుంచి మాతో వచ్చెయ్యవోయ్, దారి తెలిసినవాడివి" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. జైపూర్, జోధ్‌పూర్, జైసల్మేర్! నేల మీద కాళ్ళు ఆనిన మరుక్షణం లిఫ్ట్ గుర్తొచ్చి గుండెల్లో రాయి పడింది. "గూగుల్ చేసి చూడొచ్చు కదరా" అన్నాడు నా పాత రూమ్మేట్. "చూస్తే లేదని తెలుస్తది కదరా" అన్నాను.

జైపూర్‌లో దిగిన క్షణం నుంచి నాకు ఒళ్ళు తెలియలేదు. గులాబీరంగు వీధులు, ఒంటెలు, తలపాగాలు! ఆమేర్ కోటకి జీపులో వెళ్ళాం. అద్దాల మహల్లో గోడ నిండా మెరిసే ముక్కల్ని చూసి నేను "అబ్బా!" అని నోరు తెరిచి నిలబడిపోయాను. "అదేవిటి నాన్నా, మొదటిసారి చూస్తున్నట్టున్నావే?" అన్నారు ఆంటీ. "ఎన్నిసార్లు చూసినా మొదటిసారిలానే ఉంటదాంటీ" అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలని మనవాళ్ళు ఊరికే అనలేదు. అంకుల్ మాత్రం కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూశారు.

జోధ్‌పూర్‌లో మాత్రం అతుకులన్నీ ఊడిపోయాయి. ఆటో కొండ మలుపు తిరగ్గానే కోట ఆకాశమంత ఎత్తున నిలబడింది. ఆ గోడ కింద మా ఆటో అగ్గిపెట్టెంత ఉంది. ఆంటీ చీర కొంగు సర్దుకుని, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిణ్ణి ఇంతదూరం లాక్కొచ్చి గేటు దగ్గర కూర్చోబెట్టబోతున్నానా? ఇక కాళ్ళ మీద పడి చెప్పేయడమే అనుకున్నాను. అయినా ఆశ చావక, వాళ్ళని నీడలో నిలబెట్టి, ఒక్కణ్ణే టికెట్ కౌంటర్ దగ్గరికెళ్ళి మా హైదరాబాదీ హిందీలో గుసగుసగా అడిగాను. "భయ్యా, ఇధర్ లిఫ్ట్ హై క్యా?" ఆయన తలెత్తకుండానే పక్కకి వేలు చూపించాడు. "హై నా, ఉధర్."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో నేనేమంటున్నానో నాకే తెలియలేదు. అంత జనంలో రెండు చేతులూ ఎత్తి పరుగెత్తుతూ అరిచాను. "ఆంటీ! లిఫ్ట్ ఉందాంటీ! నిజంగనే ఉంది!"

అంకుల్ నెమ్మదిగా కళ్ళజోడు తీశారు. "నిజంగానే ఉందా? అంటే ఇన్నాళ్ళూ లేదనుకున్నావా?"

 ఇక బస్సూ, బాటీలూ, మజ్జిగా, తడి దిండూ వరసగా బయటికొచ్చేశాయి. అంకుల్ నవ్వలేదు. "మా ఆవిడ మోకాళ్ళ మీద పందెం కాశావన్నమాట" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆంటీ కల్పించుకున్నారు. "తిట్టేదేదో పైకెళ్ళాక తిట్టండి. ముందు నన్ను లిఫ్ట్ ఎక్కనివ్వండి."

లిఫ్ట్ దిగాక ఎదురైన కాసిని మెట్లూ ఆవిడ నా భుజం పట్టుకునే ఎక్కారు. కోటగోడ మీద, ఫిరంగి పక్కన నిలబడ్డారు. కింద ఊరంతా నీలం ఇళ్ళు, పైన గద్దలు, ఈడ్చి కొట్టే గాలి.  "పుస్తకంలో బొమ్మ నలుపూ తెలుపేనండీ" అన్నారు ఆంటీ. "ఇంత నీలంగా ఉంటుందని మాకెవరూ చెప్పలేదు." కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగారు. "నువ్వు తెలీదని ఉంటే నేను విండ్సర్‌లోనే ఉండిపోయేదాన్ని. అలాగని మెచ్చుకుంటున్నాననుకోకు. లిఫ్ట్ లేకపోయుంటే నీ వీపు మీద ఎక్కేదాన్ని." అప్పుడు నవ్వారు అంకుల్.

కానీ శిక్ష తప్పలేదు. జైసల్మేర్‌లో ఆంటీ అడుగు వేయకముందే నేను వెళ్ళి ప్రతి మెట్టూ లెక్కపెట్టి, వెనక్కొచ్చి అప్పజెప్పాలి. "ఇక్కడ ఇరవై రెండంకుల్, పట్టుకోవడానికి గోడుంది" అని నేను రొప్పుతూ చెబితే, "స్వయంగా ఎక్కావా?" అని అడిగి మరీ కదిలేవారు. అలా ఆ బంగారురంగు కోటని, అందులో కాపురముండే జనాన్ని, దండేల మీద ఆరేసిన వాళ్ళ బట్టల్ని కూడా అందరికన్నా రెండింతలు చూశాను. బస్సులో పడుకుని పోగొట్టుకున్నది వడ్డీతో సహా రాబట్టుకున్నట్టయింది.

ఇప్పుడు నేను హామిల్టన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. నాకూ ఒక బేస్‌మెంట్ ఉంది, దానికోసం వచ్చి నన్ను అంకుల్ అనే కుర్రాళ్ళూ ఉన్నారు. (గోడ మీద క్యాలెండర్ మాత్రం పెట్టలేదు.) విండ్సర్‌లో అంకుల్ డ్రైవింగ్ మానేశారు. ఆంటీ చలికాలమంతా గడప దాటరు. మంచు ఎక్కువగా పడ్డ రోజున ఆవిడే ఫోన్ చేస్తారు. "కోట పైన గాలి ఎలా కొట్టిందో గుర్తుందా నాన్నా?" అని అడుగుతారు. "ఉందాంటీ" అంటాను. వెనక నుంచి అంకుల్ గొంతు వినిపిస్తుంది. "నిజంగానేనా?"

నిజంగానే ఉందంకుల్.