దగ్గే సైరన్

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో వీడియో గేములు తయారుచేసే ఓ పెద్ద కంపెనీలో నేను తుప్పు పట్టించే ఉద్యోగం చేసేవాడిని. (నవ్వకండి, అదీ ఒక ఉద్యోగమే.) కోట్లు కుమ్మరించి తీస్తున్న యుద్ధం గేములో ఒక పాడుబడ్డ ఫ్యాక్టరీ ఉండేది. దాని గోడలకూ గొట్టాలకూ తుప్పు రంగులు వేయడం నా వంతు. మూతపడ్డ మా బోధన్ చక్కెర ఫ్యాక్టరీని చూస్తూ పెరిగినవాడికి తుప్పు గురించి ఒకరు చెప్పాలా! గేము విడుదలవగానే, ఆ చక్కెర ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర పనిచేసి ఒళ్లు గుల్ల చేసుకున్న మా నాన్నకు, అదే మా బాపుకు, గర్వంగా చూపించాను. ఆటలో సిపాయి వచ్చి ఒక్క బాంబుతో నా తుప్పంతా లేపేశాడు.

"పేలగొట్టకుంటె ఏమైతదిరా?" అన్నాడు బాపు.

"ఆట ముందుకు పోదు బాపు."

"పోకుంటె పాయె. నడిసే ఫ్యాక్టరీ గేము సెయ్యరాదు?"

ఆ మాట పట్టుకుని ఉద్యోగం వదిలేశాను. (పెళ్లి కాలేదు కాబట్టి అడ్డుకునేవాళ్లు కూడా లేరు.) నిజామాబాద్‌లో ఒక మిఠాయి దుకాణం మేడమీద గదిలో నేనూ, ఆ దుకాణం వాళ్లబ్బాయీ (నేను భాయ్ అని పిలుస్తాను) చేరాం. బొమ్మలు నావి, కోడింగ్ భాయ్‌ది. మా గేములో బాంబుల్లేవు. సైరన్ మోగుతుంది, గేటు తెరుచుకుంటుంది, చెరుకు బండ్లు లోపలికి వెళతాయి, అంతే. పెద్ద కంపెనీ గాలి చప్పుడుకు కూడా విదేశాల్లో రికార్డింగులు పెట్టించేది. మాకు సైరన్ ఎక్కడ దొరుకుతుంది? బాపే సెల్‌ఫోన్ ముందు కూర్చుని నోటితో "ఊఁ..." అని తీశాడు. అప్పటికే ఊపిరితిత్తులు పాడైపోయాయి, సగంలో దగ్గు వచ్చింది. "మంచిగైనంక మల్ల తీస్త తియ్" అన్నాడు. మంచిగ కాలేదు. గేము పూర్తికాకముందే పోయాడు.

కొన్నవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఒకడు రాశాడు: "సైరన్ దగ్గుతోంది, బాగుచేయండి."

"తీసేద్దమా అన్నా? గదెంత పని!" అన్నాడు భాయ్.

"దాని జోలికి పోతె మన దోస్తీ ఖతం" అని అరిచాను. పాపం, భాయ్ కిందికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి గది ఖాళీ చేశాం. ఇప్పుడు మళ్లీ ఓ పెద్ద కంపెనీలోనే ఉన్నాను, ఈసారి ఓడలకు తుప్పు. అప్పుడప్పుడు మా గేము తెరుస్తాను. భాయ్ నాకు చెప్పకుండా అందులో ఒక్కటి మార్చాడు. గేటు తెరుచుకున్నా చెరుకు బండ్లు కదలవు. బాపు దగ్గు ఆగేదాకా ఎద్దులు తలలు వంచుకుని నిలబడతాయి. ఉన్న ఉద్యోగం వదిలేసుకున్న ఆ పిచ్చివాణ్ని తలుచుకుని నవ్వుకుంటూ, వాటితోపాటు నేనూ ఆగుతాను.