‘చేరింది’ అని రాయలేని మధ్యాహ్నం

నిన్న పొద్దున్న కాఫీ కలుపుతుంటే ఫోను టింగుమంది. బంగాళాఖాతంలో వాయుగుండమట, రేపు బడికి సెలవట, పిల్లల్ని సముద్రం వైపు పంపవద్దట. దాని వెనకే వరసగా దండాలు, ‘థాంక్యూ మేడమ్’లు, ఎవరో ఒకాయన పెట్టిన, ఏ దేశానిదో తెలియని వరద వీడియో. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ బడికీ మాకూ సంబంధం తీరిపోయి చాలా కాలమైంది. అయినా ఆ వాట్సాప్ గ్రూపులోంచి నేను బయటికి రాలేదు, వాళ్లూ నన్ను తీసెయ్యలేదు. “ఇంకా అందులో ఏం చేస్తున్నావమ్మా, మళ్లీ మూడో తరగతిలో చేరతావా?” అని అది వెక్కిరిస్తుంది. “చేరతాను, నీకెందుకే” అంటాను. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ గ్రూపు మోగితే మాత్రం చేతిలో పనేదైనా సరే ఆగిపోతుంది. నిన్నా కాఫీ పొంగి పొయ్యంతా పాడయ్యింది.

అప్పట్లో మేము ఉక్కునగరం క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయనది రోలింగు మిల్లులో ఉద్యోగం. షిఫ్టు మనిషితో కాపురం చేసిన వాళ్లకి చెప్పక్కర్లేదు, చెయ్యని వాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఎ షిఫ్టంటే తెల్లారకుండా వెళ్లి మధ్యాహ్నం రావడం, బి షిఫ్టంటే మధ్యాహ్నం వెళ్లి రాత్రి రావడం, సి షిఫ్టంటే లోకమంతా పడుకున్నాక వెళ్లి లోకం లేచాక వచ్చి పడుకోవడం. సి షిఫ్టు వారంలో మా ఇంట్లో కుక్కర్ కూడా భయపడుతూ కూత వేసేది. నేనేమో ఊరికి ఆ చివర, పూర్ణా మార్కెట్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేసేదాన్ని. సిండియా, మల్కాపురం, గాజువాక మీదుగా బస్సులో నిలబడి వచ్చేసరికి నడుము పడిపోయేది. మరి పిల్ల? పిల్ల అందరిదీ. ఉక్కునగరంలో పిల్లలు అలాగే పెరిగారు. ఈ వారం పక్కింట్లో, వచ్చే వారం మా ఆయన స్నేహితుడి ఇంట్లో, ఆ పై వారం మా చర్చికి వచ్చే ఒక అక్క ఇంట్లో. మేము ఇంట్లో ఉన్న వారం వాళ్ల పిల్లలు మా ఇంట్లో. ఎవరూ ఎవరికీ మొహమాటపడేవాళ్లు కాదు. ఆటో అతనికి పొద్దున్నే ‘ఇవాళ ఫలానా చోట దింపు’ అని చెప్పడం, పిల్ల బుద్ధిగా వెళ్లి వాళ్ల గుమ్మంలో చెప్పులు విడవడం. పిల్లలు కూడా ఎందుకని అడిగేవాళ్లు కాదు. ఏ ఇంట్లో ఏం పెడితే అది తినేవాళ్లు, ఏ ఇంటి టీవీలో ఏది వస్తే అది చూసేవాళ్లు.

ఆ ఏడు దసరా సెలవులయ్యి బడి తెరిచారు. కార్తీకమాసం నడుస్తోంది. రెండు రోజులుగా ఆకాశం మూతి ముడుచుకుని ఉంది. ఆ రోజు పొద్దున్న గాలి లేదు, వానా లేదు, సరే బడి ఉంది కదా అని పిల్లకి డబ్బా కట్టి ఆటో ఎక్కించాను. ఎప్పుడూ వచ్చే ఆటో అతను రాలేదు. అతనికి జ్వరమట, వాళ్ల బావ వచ్చాడు. “పక్కింటి అక్క దగ్గర దింపు బాబూ” అని చెబితే “మా బావ ఇళ్ల నంబర్లన్నీ సెప్పినాడు మేడమ్, ఏటీ కంగారు పడకండి” అన్నాడు. నేనూ కంగారు పడలేదు. పడాల్సింది నా బస్సు గురించి, అది వెళ్లిపోతోంది.

ల్యాబులో ఉండగా గాలి లేచింది. మార్కెట్లో కొట్ల మీద టార్పాలిన్లు టపటపా కొట్టుకోవడం మొదలెట్టాయి. అప్పుడే గ్రూపులో మెసేజు: తుఫాను దిశ మారింది, పిల్లల్ని ముందుగా ఇళ్లకి పంపిస్తున్నాం, చేరగానే తల్లిదండ్రులు తప్పకుండా ‘చేరింది’ లేదా ‘చేరాడు’ అని రాయాలి. బాగుంది, పద్ధతిగా ఉంది అనుకున్నాను. కాసేపటికి ఒకరు ‘చేరింది’ అని రాశారు. తర్వాత ఒకరు. ఆ తర్వాత వరసపెట్టి చేరింది, చేరాడు, ఇద్దరూ చేరారు, దేవుడి దయ, ఒక దండం, ఒక పువ్వు. నేను పక్కింటి అక్కకి ఫోను చేశాను, నేను కూడా ఒక ముక్క రాసేద్దామని.

“ఇంకా రాలేదే! నాను గుమ్మంలోనే నిలబడున్నాను,” అంది అక్క.

ఆటో అతనికి చేశాను. జ్వరం గొంతుతో, “అందర్నీ దింపీసినానని సెప్పినాడు మేడమ్ మా బావ. మీ పాపని కూడా దింపీసినాడంట,” అన్నాడు. ఎక్కడ దింపాడయ్యా అంటే, “మీ ఇంటి నంబరు కాడే.” బావకి ఫోను చేస్తే స్విచ్చాఫ్. మా ఆయనకి చేస్తే మోగుతోంది, ఎత్తే దిక్కు లేదు. తుఫాను మూలంగా ఆయన రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, రాలేదని తర్వాత తెలిసింది. రిలీవరు రాకుండా మిల్లులో మనిషి కదలకూడదు, ఫోనేమో లాకర్లో.

ఎలా వచ్చి బస్సెక్కానో నాకు తెలియదు. చేతికి ల్యాబు గ్లౌజు అలాగే ఉంది. బయట వాన అడ్డంగా కొడుతోంది, పోర్టు వైపు ఏదీ కనబడటం లేదు. ప్రార్థన చేద్దామంటే మాటలు రావడం లేదు. ప్రభువా, ప్రభువా అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయాను. గ్రూపులో మాత్రం ఊరంతా ఇల్లు చేరిపోతోంది. ఒకాయన ‘పకోడీలు రెడీ’ అని ఫొటో పెట్టాడు. ఆయన్ని ఆ క్షణాన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఇంతలో క్లాసు టీచరమ్మ విడిగా అడిగింది, “మీ పాప చేరిందాండీ?” అని. ‘లేదు’ అని టైపు చేయడానికి నా వేళ్లు ఒప్పుకోలేదు. ఫోను చేసి ఏడ్చేశాను. ఆవిడ ఒక్క మాట కూడా వృథా చెయ్యలేదు. పిల్ల ఫొటో, నా నంబరు ఉక్కునగరంలోని అన్ని సెక్టార్ల గ్రూపుల్లోకీ పంపించేసింది. రెండు జడలు, నీలం గౌను, ముందు పన్ను ఊడిన నవ్వు. ఆ నవ్వు అందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది.

గాజువాక దగ్గర బస్సు నీళ్లలో ఆగింది. అప్పుడు మోగింది, తెలియని నంబరు.

“మేడమ్, నాను స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్స్‌ల పని సేత్తన్నాను. మీ పాప మా ఇంటికాడుంది. భయమేటీ లేదు. మా అమ్మ కాడ శుభ్రంగా కూకునుంది.”

నేను ఫోను కండక్టరు చేతికిచ్చేశాను. అతనే చెవికి పెట్టుకుని, “దొరికిందాండీ?” అని అరిచి అడిగాడు. దొరికిందన్న మాట బస్సంతా విన్నది. వెనక సీట్లో మొహం తెలియని ఒకామె చప్పట్లు కొట్టింది. పోయిన ప్రాణం లేచొచ్చిందంటారు చూడండి, నాకు నిజంగానే కాళ్ల దగ్గర్నుంచి పైకి పాకుతూ వచ్చింది.

జరిగిందేమిటంటే, ఉక్కునగరంలో ఇళ్లన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి, ప్రతి సెక్టారులోనూ అవే నంబర్లు తిరిగి తిరిగి వస్తాయి. మాటల్లో ఎవరూ సెక్టారు చెప్పరు. ఎవరి సెక్టారు వాళ్లకి లోకం. ఆటో అతనూ వాళ్ల బావకి నంబరు చెప్పాడు గాని సెక్టారు చెప్పలేదు, పొద్దున్న నేను చెప్పిన పక్కిల్లూ, పిల్లని ఎక్కించుకున్న వీధీ గాలివానలో ఆ బావ బుర్రలోంచి ఎగిరిపోయాయి. పక్క సెక్టారులో అదే నంబరు ఇంటి ముందు పిల్లని దింపాడు. తలుపు తీసింది ఒక పెద్దావిడ. కొడుకు దగ్గర ఉండటానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. ఆ కొడుకు తోటివాళ్ల పిల్లల్ని అడపాదడపా తల్లి దగ్గరికి పంపుతుండేవాడట. ఈ పిల్లనీ వాడే పంపాడనుకుంది. మా పిల్లేమో నేనే పంపాననుకుంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు ఏమీ అడగలేదు.

సాయంత్రం దాకా కూడా అడిగేవారు కాదేమో, నెత్తళ్లే లేకపోతే. ఆవిడ కార్తీకం తప్పకుండా చేస్తుంది గాని, కొడుకు నీచు మానడు. అతని కోసం ఎండు నెత్తళ్లు, ఆ వేలెడంత చేపలు, వేపుతోంది. పిల్లకి పెట్టాలా వద్దా అని సందేహం వచ్చింది. “మీకూ కార్తీకముందేటే?” అని అడిగితే, “తెలీదు మామ్మా, మాది చర్చి,” అందట. చర్చివాళ్లకి ఏ నెలలో ఏది కూడదో ఆవిడకేం తెలుసు? కొడుకు షిఫ్టు దిగే వేళ దాకా ఆగి ఫోను చేసింది.

“ఒరే, ఈ పిల్ల నెత్తళ్లు తింతాదేటి, లేకపోతే పప్పు పెట్టీమంతావా?”

“ఏ పిల్లమ్మా?”

“నువ్వంపినావు కదరా!”

కొడుకు ఎక్కిన షిఫ్టు బస్సులో పక్కన కూర్చున్న వాళ్ల ఫోన్లలో అప్పటికే మా పిల్ల ఫొటో ఉంది.

నేను తడిసి ముద్దయి ఆ ఇంటికి వెళ్లేసరికి అది చాప మీద బాసింపట్టు వేసుకుని అన్నం తింటోంది. బడిలోనే డబ్బా తినేసింది, ఇది రెండో భోజనం. కౌగిలించుకుంటే, “తడిసిపోతానమ్మా” అని తోసేసింది. “కొత్త ఇల్లని తెలియలేదుటే?” అని కేకలేశాను, ఏడుస్తూనే. “తెలిసింది. నువ్వే వీళ్లతో కొత్తగా మాట్లాడిపెట్టావేమో అనుకున్నాను,” అంది.

పెద్దావిడ నన్ను చూసి బెంబేలెత్తిపోయింది. “నాకేటి తెల్సమ్మా! గుమ్మంల నిలబడి ‘గుడాఫ్టర్నూన్ మామ్మా’ అంది. ఇంకేటడుగుతాను? లోనికి రా తల్లీ అన్నాను,” అంది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆవిడకి అది అర్థం కాలేదు, ఇంత చిన్నదానికి ఇదంతా ఏమిటన్నట్టు చూసి, నాకూ ఒక కంచం పెట్టింది. అంత రుచిగల నెత్తళ్లు నేను మళ్లీ తినలేదు. వెళ్లేటప్పుడు, “రేపు కూడా బడి లేదంట కదా, దింపీ,” అంది. దింపలేదు. వారం రోజులు పిల్ల చెయ్యి వదల్లేదు, స్నానానికి వెళ్తే కూడా తలుపు బయట నిలబడ్డాను. మా ఆయన వచ్చి లాకర్లోంచి తీసిన ఫోనులో నా మిస్డ్ కాల్స్ చూసుకుని, పిల్ల మంచం పక్కనే కింద పడుకున్నాడు. మర్నాడు ఆటో అతనూ, వాళ్ల బావా కలిసి వచ్చి తల దించుకుని నిలబడితే, మా ఆయన వాళ్లకి టీ ఇప్పించాడు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

నిన్న మా అమ్మాయిని అడిగాను, ఆ రోజు గుర్తుందా అని. ఫోనులోంచి తల ఎత్తకుండా, “ఆ మామ్మ వేపుడు గుర్తుంది. ఏం, ఏమైంది ఆ రోజు?” అంది. దానికి ఆ మధ్యాహ్నం ఎప్పుడో గడిచిపోయింది. నాకు మాత్రం ఏటా వానగాలి లేవగానే మళ్లీ మొదటి నుంచీ మొదలవుతుంది. హమ్మయ్య, ఏటా దొరుకుతూనే ఉంది.